ఎలక్ట్రానిక్ టైప్‌రైటర్ వాడకం: కీల పని, తప్పులు దిద్దే పద్ధతి – సమగ్ర మార్గదర్శి

మామూలు టైప్ మిషన్ మీద ఏళ్ల తరబడి చెయ్యి తిరిగినవారు కూడా ఎలక్ట్రానిక్ టైప్‌రైటర్ ముందు కూర్చోగానే రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. కీబోర్డు అంచుల్లో ఉన్న ఈ కొత్త కీలన్నీ దేనికి అన్నది మొదటిది. కరెక్షన్ కీ నొక్కితే ఒకసారి అక్షరం శుభ్రంగా పోయి, మరోసారి నీడలా ఎందుకు మిగిలిపోతోంది అన్నది రెండోది. ఇంగ్లీషు అక్షరాల ప్రింట్ వీల్ ఉన్న యంత్రాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ రెండింటికీ వరుసగా జవాబు రాస్తున్నాను.

ఒక్క విషయం ముందే గుర్తు పెట్టుకుంటే మిగతావన్నీ తేలికగా అర్థమవుతాయి. ఈ యంత్రం రబ్బరులా రుద్ది చెరపదు. ఏ అక్షరం తప్పుగా పడిందో సరిగ్గా అదే అక్షరాన్ని, అదే చోట, ఈసారి రిబ్బనుకు బదులు కరెక్షన్ టేప్ మీదుగా మళ్లీ కొడుతుంది. అక్షరం, చోటు, టేప్ ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా దిద్దుబాటు చెడుతుంది.

1. ముందు మీ యంత్రాన్ని తెలుసుకోండి

మొదట వోల్టేజి చూడండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన యంత్రమైతే దాని వెనక 120 వోల్టులని రాసి ఉంటుంది. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా ప్లగ్ పెడితే యంత్రం లోపల కాలిపోతుంది. ప్లగ్ పిన్నుకు అడాప్టర్ తొడిగినంత మాత్రాన వోల్టేజి తగ్గదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

తరువాత మూత తీసి మూడు వస్తువులను గుర్తించండి. గుండ్రంగా, పూరేకుల్లాంటి సన్నని పుల్లలతో ఉండేది ప్రింట్ వీల్, దీనినే డైసీ వీల్ అంటారు. ఒక్కో పుల్ల చివర ఒక్కో అక్షరం ఉంటుంది. మీరు కీ నొక్కగానే చక్రం తిరిగి ఆ అక్షరం పైకి వస్తుంది, వెనక నుంచి చిన్న సుత్తి దానిని కొడుతుంది. దాని దగ్గర ఉన్న నల్లని డబ్బా రిబ్బన్ క్యాసెట్. రెండు చిన్న చక్రాల మీద చుట్టి ఉన్న తెల్లటి లేదా పారదర్శకమైన పట్టీ కరెక్షన్ టేప్.

రవాణా కోసం పెట్టిన బిగింపులు, అట్టముక్కలు లోపల మిగిలి ఉంటే తీసేసిన తరువాతే స్విచ్ వేయండి. స్విచ్ వేయగానే క్యారియర్ (చక్రాన్నీ రిబ్బనునూ మోస్తూ అటూ ఇటూ జరిగే బండి) తనంత తాను ఎడమ అంచుకు వెళ్లడం, చక్రం గిర్రున ఒకసారి తిరిగి తన మొదటి స్థానం వెతుక్కోవడం మామూలే. ఆ రెండు మూడు సెకన్లు ఏ కీ నొక్కకండి. చాలా యంత్రాలు మూత తెరిచి ఉంటే టైపు చేయవు. చెడిపోయిందని కంగారు పడేముందు మూత సరిగా మూసుకుందో లేదో చూడండి.

2. రిబ్బన్, టేప్ జత కలవాలి

దిద్దుబాట్లు చెడిపోవడానికి అన్నిటికంటే ఎక్కువగా కారణమయ్యేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కరెక్టబుల్ ఫిల్మ్ రిబ్బనులో ఇంకు కాగితంలోకి ఇంకదు. పల్చని పొరలా కాగితం పైననే అతుక్కుని ఉంటుంది. దీనికి జతగా వాడవలసింది లిఫ్ట్ ఆఫ్ టేప్. దాని ఒక వైపు జిగురుగా ఉంటుంది. అదే అక్షరంతో మళ్లీ కొట్టినప్పుడు ఆ జిగురు నల్లటి పొరను కాగితం మీద నుంచి ఊడబెరుకుతుంది. అది పని చేసిందని తెలుసుకోవాలంటే టేపును చూడండి. మీరు చెరిపిన అక్షరం నల్లగా, ముక్క కూడా విరగకుండా, దాని మీద అతుక్కుని కనిపించాలి.

గుడ్డ రిబ్బన్ సంగతి వేరు. దాని ఇంకు కాగితం పీచులోకి దిగుతుంది కాబట్టి ఏ జిగురూ దానిని పైకి లాగలేదు. అందుకని దానికి కవర్ అప్ టేప్ వాడాలి. ఈ టేప్ అక్షరం మీద తెల్లటి పొడి పూత పూస్తుంది. అక్షరం పోదు, కప్పబడుతుంది. తెల్ల కాగితం మీద సరే కానీ, లేత పచ్చ లేదా పసుపు కాగితం మీద తెల్లటి మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మల్టీస్ట్రైక్ రిబ్బన్ చూడటానికి ఫిల్మ్ రిబ్బనులాగే ఉంటుంది. ఒకే చోటును పలుమార్లు వాడుకునేలా తయారు చేస్తారు కాబట్టి ఎక్కువ పేజీలు వస్తుంది. లిఫ్ట్ ఆఫ్ టేపుతో మాత్రం శుభ్రంగా లేవదు. ఒకసారి ఒక దుకాణంలో నాకు కరెక్టబుల్ అని చెప్పి ఇచ్చినవి మల్టీస్ట్రైక్ రిబ్బన్లు. టేపును మూడుసార్లు మార్చి చూశాను. ఇంప్రెషన్, అంటే దెబ్బ బలం, పెంచాను. చివరికి ఆ దెబ్బకు కాగితం చిరిగాక గానీ పెట్టె మీద అక్షరాలు చదవాలని తోచలేదు. అప్పటినుంచి పెట్టె చదవకుండా రిబ్బన్ కొనడం లేదు.

రిబ్బన్ ఎక్కించేటప్పుడు చూసుకోవలసినవి:

• స్విచ్ ఆపి ఉండాలి.
• క్యాసెట్ మీది చిన్న చక్రాన్ని బాణం గుర్తు ఉన్న వైపుకే తిప్పి, రిబ్బన్ వదులు లేకుండా బిగించాలి.
• రిబ్బన్ ప్రింట్ వీలుకూ కాగితానికీ మధ్యన, గైడుల లోపలి నుంచి పోవాలి.
• లిఫ్ట్ ఆఫ్ టేపులో జిగురు వైపు కాగితానికి ఎదురుగా ఉండాలి. అంచును వేలితో తాకి చూస్తే ఏ వైపో తెలుస్తుంది.
• టేప్ మెలిక పడకుండా, ఖాళీ చక్రం మీద కనీసం ఒక చుట్టు తిరిగి ఉండాలి.

ప్రింట్ వీల్ మార్చవలసి వస్తే నడుమ భాగాన్నో, దాని ప్లాస్టిక్ గూటినో పట్టుకోండి. పుల్లలను వేళ్లతో ముట్టుకోకండి. ఒక్క పుల్ల వంగినా ఆ ఒక్క అక్షరం ప్రతిసారీ వంకరగా పడుతుంది, దిద్దినప్పుడు కూడా వంకరగానే తగులుతుంది.

3. కాగితం, పిచ్, మార్జిన్

పిచ్ అంటే అంగుళానికి పడే అక్షరాల సంఖ్య. పిచ్ 10లో అంగుళానికి 10 అక్షరాలు, 12లో 12, 15లో 15. చక్రం మీద కూడా అది ఏ పిచ్‌కు తగినదో రాసి ఉంటుంది. 15 పిచ్ చక్రం పెట్టి 10లో కొడితే అక్షరాలు దూరదూరంగా, 10 పిచ్ చక్రం పెట్టి 15లో కొడితే ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుగా పడతాయి.

ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. పిచ్ 10లో అంచు నుంచి అంచుకు దాదాపు 82 అక్షరాలు, పిచ్ 12లో 99 పడతాయి. కోర్టు పనులకు వాడుతూ వచ్చిన లీగల్ కాగితం వెడల్పు ఎనిమిదిన్నర అంగుళాలు, పొడవు 14 అంగుళాలు. పిచ్ 10లో అడ్డంగా 85 అక్షరాలు. సింగిల్ స్పేసింగులో అంగుళానికి 6 వరుసలు కాబట్టి నిలువునా 84 వరుసలు, డబుల్ స్పేసింగులో 42. పైనా కిందా వదిలే జాగా ఇందులోంచే పోతుంది.

దారం కుట్టడానికి ఎడమ పక్క అంగుళమున్నర, కుడి పక్క అంగుళం వదలాలనుకుందాం. లీగల్ కాగితం ఎడమ అంచు స్కేలు మీద సున్నా దగ్గర ఉంటే, పిచ్ 10లో ఎడమ మార్జిన్ 15 దగ్గర, కుడి మార్జిన్ 75 దగ్గర పెట్టాలి. పిచ్ 12లో అవే 18, 90 అవుతాయి. క్యారియర్‌ను స్పేస్ బారుతో ఆ అంకె దగ్గరకు తెచ్చి ఎడమ మార్జిన్ కీ నొక్కాలి, కుడి దానికీ అంతే. కొన్ని యంత్రాల్లో ఈ కీలను కోడ్ కీతో (దాని సంగతి నాలుగో భాగంలో) కలిపి నొక్కాలి.

పిచ్‌ను కాగితం ఎక్కించకముందే నిర్ణయించుకోండి. సగం వరుస కొట్టాక పిచ్ మారిస్తే అప్పటిదాకా పడిన అక్షరాల స్థానాలకూ యంత్రం వేసే అడుగులకూ పొంతన ఉండదు. తరువాత వెనక్కి వచ్చి ఏది చెరపబోయినా దెబ్బ పక్కన పడుతుంది.

ఇంప్రెషన్ మీట ఉంటే ఒక్క కాగితానికి తక్కువలో ఉంచండి. కార్బన్ ప్రతులు పెట్టినప్పుడే పెంచండి. అవసరానికి మించి గట్టిగా కొట్టిన అక్షరం కాగితంలో గుంట చేస్తుంది. ఇంకు లేచిపోయినా ఆ గుంట వెలుతురుకు ఏటవాలుగా పట్టినప్పుడు చదవడానికి వీలుగా కనిపిస్తూనే ఉంటుంది.

4. కొత్తగా కనిపించే కీలు, వాటి పని

అక్షరాల కీలు మీకు తెలిసిన వరుసలోనే ఉంటాయి. తేడా అంతా అంచుల్లో ఉంది.

కోడ్ కీ: షిఫ్ట్ లాగే దీనిని నొక్కి పట్టి మరో కీ కొట్టాలి. కోడ్‌తో కలిపి కొడితే ఏ పని జరుగుతుందో ఆ కీ ముందు పక్కన, అంటే మీ వైపు ఉన్న నిలువు ముఖం మీద, చిన్న అక్షరాలతో అచ్చు వేసి ఉంటుంది. తల వంచి ఒక్కసారి ఆ రాతలన్నీ చదివి కాగితం మీద ఎక్కించుకోండి. మీ యంత్రానికి మాన్యువల్ లేకపోయినా సగం మాన్యువల్ అక్కడే ఉంది.

రిటర్న్ కీ: మామూలు మిషన్‌లో ఎడమ చేత్తో లివర్ లాగి చేసే పని ఇది చేస్తుంది. ఎడమ చెయ్యి అలవాటుగా పైకి లేస్తూ ఉంటే మొదటి వారం దానిని హోమ్ కీల మీద నిలపడమే అభ్యాసంగా పెట్టుకోవాలి.

ఇండెక్స్ కీలు: క్యారియర్‌ను కదపకుండా కాగితాన్ని మాత్రం పైకో కిందకో జరుపుతాయి. చాలా యంత్రాల్లో ఇవి సగం వరుస చొప్పున జరుపుతాయి. చేత్తో రోలరు తిప్పడం కంటే ఈ కీలు వాడడమే మేలు. ఎంత జరిగిందో యంత్రానికి లెక్క తెలుస్తుంది, తిరిగి అంతే వెనక్కి తేవచ్చు.

హాఫ్ స్పేస్: సగం అక్షరమంత జరుగుతుంది. దీని అసలు ఉపయోగం ఎనిమిదో భాగంలో చెబుతాను.

మార్జిన్ రిలీజ్, ట్యాబ్ సెట్, ట్యాబ్ క్లియర్: మామూలు మిషన్‌లో ఉన్నవే.

ఆటో రిటర్న్: ఇది వేసి ఉంటే కుడి మార్జిన్ దగ్గర పడినప్పుడు యంత్రం ఒకసారి కూత పెడుతుంది. ఆ తరువాత మీరు స్పేస్ గానీ హైఫన్ గానీ కొట్టగానే క్యారియర్ తనే కొత్త వరుసకు పోతుంది. పట్టికలు, చిరునామాలు కొట్టేటప్పుడు దీనిని తీసేయండి.

దిద్దుబాటు కీలు నాలుగు. కరెక్షన్ కీ ఒక్క అక్షరాన్ని చెరుపుతుంది. వర్డ్ అవుట్ ఒక మాటను, లైన్ అవుట్ వరుసను చెరుపుతాయి. రీలొకేట్ కీ మీరు దిద్దడానికి వెనక్కి రాకముందు ఎక్కడ టైపు ఆపారో అక్కడికి క్యారియర్‌ను తీసుకుపోతుంది. కొత్తవారు ఎక్కువగా మరిచిపోయేది ఈ నాలుగో కీనే. స్పేస్ బారుతో ఉజ్జాయింపుగా ముందుకు జరిగి ఒక గడి తక్కువగానో ఎక్కువగానో ఆగితే, ఒక తప్పు దిద్దబోయి మరో తప్పు చేసినట్టవుతుంది.

5. వేళ్ల బలం తగ్గించండి

మామూలు మిషన్‌లో, అందులోనూ తెలుగు మిషన్ మీద నేర్చుకున్నవారి చేతికి గట్టి దెబ్బ అలవాటు. ఇక్కడ దెబ్బ బలం యంత్రానిది, మీరు కీని తాకి వదలడమే. కీని నొక్కి పట్టి ఉంచితే చాలా యంత్రాల్లో కొన్ని అక్షరాలు, గీతలు వరుసగా పడుతూనే ఉంటాయి.

ఇంకో అలవాటు మార్చుకోవాలి. పాత మిషన్లు కొన్నింటిలో ఒకటి అంకెకు కీ ఉండదు కాబట్టి చిన్న ఎల్ అక్షరాన్ని, సున్నాకు పెద్ద ఓ అక్షరాన్ని వాడేవాళ్లం. ఎలక్ట్రానిక్ యంత్రంలో ఆ అంకెలకు విడిగా కీలు ఉంటాయి. వాటినే వాడాలి. ఎల్ కొట్టి, తరువాత దానిని ఒకటి అనుకుని చెరపబోతే చక్రం మీద ఆ రెండింటి ఆకారాలు వేరు కాబట్టి ఎల్ తాలూకు ముక్క కాగితం మీద మిగిలిపోతుంది. ఎంత కొట్టినా పోని నీడలకు నేను చూసిన కారణాల్లో ఇది ముఖ్యమైనది.

చిన్న డిస్‌ప్లే ఉన్న యంత్రమైతే లైన్ మోడ్ వాడండి. వరుస మొత్తం ముందు తెర మీద పడుతుంది, రిటర్న్ కొట్టాకనే కాగితం మీద పడుతుంది. అక్కడే దిద్దుకుంటే టేప్ ఖర్చు కూడా ఉండదు. స్పెల్లింగ్ చూసే సౌకర్యం ఉన్న యంత్రాలు మన పేర్లకూ ఊళ్లకూ ఇంటి పేర్లకూ ప్రతిసారీ కూత పెడతాయి. ఎందుకంటే లోపల ఉన్నది ఇంగ్లీషు మాటల జాబితా. వకాలతు, పట్టా, గుంట అని వచ్చే కాగితాలు కొట్టేటప్పుడు ఆ సౌకర్యం ఆపేయడమే మంచిది. లేకపోతే నిజమైన తప్పుకు పెట్టిన కూతను కూడా పట్టించుకోకుండా పోతారు.

6. మెమరీలో ఉన్న తప్పును దిద్దడం

కొట్టిన అక్షరాలను యంత్రం కొంతమేరకు గుర్తు పెట్టుకుంటుంది. కొన్ని యంత్రాలకు ఒక్క వరుసే గుర్తుంటుంది, కొన్నింటికి పలు వరుసలు. మీ యంత్రం సంగతి తెలుసుకోవడానికి చిత్తు కాగితం మీద మూడు వరుసలు కొట్టి, వెనక్కి వస్తూ కరెక్షన్ కీ నొక్కుతూ పోండి. ఎక్కడ తనంత తాను చెరపడం మానేసిందో అక్కడితో దాని జ్ఞాపకం అయిపోయినట్టు. స్విచ్ ఆపితే అంతా పోతుంది.

ఇదే పరీక్షలో మరొకటి కూడా గమనించండి. చివరి అక్షరం కాకుండా మధ్యలోది చెరపాలంటే కొన్ని యంత్రాలకు సరిగ్గా ఆ అక్షరం దగ్గర నిలబడాలి, కొన్నింటికి దాని తరువాతి గడిలో నిలబడాలి. కింది వరుస మొదటి రకానికి రాస్తున్నాను.

రిసీవ్డ్ అనే ఇంగ్లీషు మాటలో సీ తరువాత ఈ, ఐ రావలసింది ఐ, ఈ పడ్డాయనుకుందాం. మరో రెండు మాటలు కొట్టాక చూశారు.

ఒకటి: ఆగండి. రోలరు, పేపర్ రిలీజ్ మీట (కాగితం పట్టు వదులు చేసేది), పిచ్ ఏవీ ముట్టుకోకండి.

రెండు: బ్యాక్ స్పేస్‌తో తప్పుగా పడిన ఐ దగ్గరకు రండి. ఇది కరెక్షన్ కీ కాదు. పొరపాటున కరెక్షన్ కీతో వెనక్కి వస్తే దారిలోని మంచి అక్షరాలన్నీ పోతాయి.

మూడు: కరెక్షన్ కీ ఒకసారి నొక్కండి. టేప్ పైకి లేచి, చక్రం తిరిగి, ఒక్క దెబ్బ వినిపిస్తుంది. ఐ పోయి ఖాళీ గడి కనిపిస్తుంది, క్యారియర్ అక్కడే నిలబడుతుంది.

నాలుగు: ఈ కొట్టండి. క్యారియర్ పక్క గడికి, అంటే తప్పుగా పడిన రెండో అక్షరం దగ్గరకు వస్తుంది.

ఐదు: మళ్లీ కరెక్షన్ కీ నొక్కి, ఐ కొట్టండి.

ఆరు: రీలొకేట్ నొక్కండి. క్యారియర్ మీరు ఆపిన చోటుకు పోతుంది.

మాట మొత్తం తప్పయితే ఒక్కో అక్షరం చెరుపుతూ కూర్చోకుండా వర్డ్ అవుట్ వాడండి. లైన్ అవుట్ మాత్రం నిజంగా వరుసంతా పోవాలనుకున్నప్పుడే నొక్కాలి. అరవై అక్షరాలు చెరిపితే అరవై దెబ్బల టేప్ ఖర్చవుతుంది, కాగితం కూడా అలిసిపోతుంది. అంత పెద్ద తప్పు పేజీ మొదట్లోనే పడితే కొత్త కాగితం ఎక్కించుకోవడం నయం.

7. మెమరీ దాటిపోయిన తప్పు

యంత్రానికి గుర్తు లేదు కాబట్టి అక్కడ ఏ అక్షరం ఉందో మీరే చెప్పాలి.

ఇండెక్స్ కీతో ఆ వరుసకు కాగితాన్ని తెచ్చి, క్యారియర్‌ను తప్పు అక్షరం దగ్గర సరిగ్గా నిలిపి, కరెక్షన్ కీ నొక్కి, వెంటనే ఆ తప్పు అక్షరాన్నే కొట్టండి. సరైన అక్షరాన్ని కాదు. ఇక్కడ తొందరపడి సరైన అక్షరం కొడితే యంత్రం ఆ ఆకారంలో జిగురు టేపును కొట్టి, రెండు అక్షరాలు ఎక్కడ కలిస్తే అక్కడ మాత్రమే ఇంకు లాగుతుంది. మిగతాది అక్కడే ఉంటుంది.

పెద్ద అక్షరమైతే షిఫ్ట్‌తోనే చెరపాలి. మొదట టైపు చేసినప్పుడు ఉన్న ప్రింట్ వీలే ఇప్పుడూ ఉండాలి. నిలువు అక్షరాల చక్రంతో కొట్టినదాన్ని వాలు అక్షరాల చక్రంతో చెరపడం కుదరదు.

8. అక్షరం తగ్గినప్పుడు, పెరిగినప్పుడు

విల్ అనే మాటలో రెండు ఎల్‌లకు బదులు ఒకటే పడింది. నాలుగు అక్షరాలు పడవలసిన చోట మూడు గడులే ఉన్నాయి, అటూ ఇటూ ఒక్కో ఖాళీ గడి ఉంది. ఇటువంటి చోట హాఫ్ స్పేస్ ఆదుకుంటుంది.

మూడు అక్షరాలను చెరపండి. క్యారియర్‌ను డబ్ల్యూ ఉన్న గడికి తెచ్చి, ఒక బ్యాక్ స్పేస్ వెనక్కి, ఒక హాఫ్ స్పేస్ ముందుకు వేయండి. ఇప్పుడు మొదటి చోటుకు సగం గడి ఎడమకు ఉన్నారు. నాలుగు అక్షరాలూ కొట్టండి. ముందు సగం, వెనక సగం ఖాళీ మిగిలి, చూసేవారికి దాదాపు తేడా తెలియకుండా ఉంటుంది.

ఒక అక్షరం ఎక్కువ పడితే దీనికి తిరగేసి చేయాలి. మాటను చెరిపి, మొదటి గడి నుంచి ఒక హాఫ్ స్పేస్ ముందుకు జరిగి కొట్టాలి. రెండు పక్కలా గడిన్నర చొప్పున ఖాళీ వస్తుంది.

పని అయ్యాక రీలొకేట్ నొక్కడం మరవకండి. అది పని చేయకపోతే మరొక హాఫ్ స్పేస్ వేసి గడుల వరుసలోకి రండి. లేకపోతే అక్కడి నుంచి ప్రతి అక్షరమూ సగం గడి పక్కకు పడుతూ పోతుంది. రెండు అక్షరాలు తగ్గితే ఈ ఉపాయం పనికిరాదు, పక్క మాటను కూడా కలిపి సర్దవలసిందే.

9. అండర్‌లైన్, బోల్డ్, కార్బన్ ప్రతులు

అండర్‌లైన్ ఉన్న అక్షరం నిజానికి రెండు దెబ్బలు: ఒకటి అక్షరం, ఒకటి గీత. మెమరీలో ఉంటే యంత్రం రెండింటినీ తీసేస్తుంది. లేకపోతే అక్షరాన్ని ఒకసారి, గీతను మరోసారి విడివిడిగా చెరపాలి. బోల్డ్ అక్షరాన్ని యంత్రం రెండుసార్లు, రెండోసారి వెంట్రుకవాసి పక్కకు కొడుతుంది. చేత్తో చెరిపితే అంచున సన్నని నల్లగీత మిగులుతుంది. అందుకని బోల్డులో కొట్టిన శీర్షికలను ఆ వరుస దాటకముందే చదువుకోండి.

కార్బన్ ప్రతులు ఉన్నప్పుడు కరెక్షన్ టేప్ పై కాగితాన్నే బాగు చేస్తుంది. ఆ దెబ్బ కింది ప్రతుల మీద కార్బన్ గుండా తగిలి, తప్పు అక్షరాన్ని మరింత నల్లగా చేస్తుంది. చెరిపే ముందు ఒక్కో కార్బనుకూ దాని కింది ప్రతికీ మధ్య చిన్న కాగితపు ముక్క పెట్టండి. పై ప్రతి చెరిపాక కింది ప్రతులను మెత్తని రబ్బరుతో తుడిచి, ముక్కలన్నీ తీసి, అప్పుడు సరైన అక్షరం కొట్టండి. ముక్కలు తీయడం మరిచి సరైన అక్షరం కొట్టిన ప్రతిలో అక్కడ ఖాళీ మిగులుతుంది. సంతకాలయ్యాక గానీ అది కంటపడదు.

10. తీసేసిన కాగితాన్ని మళ్లీ ఎక్కించి దిద్దడం

చేతనైనంతవరకు ఈ అవసరం రానివ్వకండి. కాగితం తీసేముందు ఇవి చూడండి:

• పేర్లు, ఇంటి పేర్లు, తండ్రి లేదా భర్త పేరు
• తేదీలు
• అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసిన మొత్తం ఒకటేనా
• సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు
• పేజీ నంబరు, పేజీ చివరి మాట

తప్పనిసరైతే కాగితం ఎక్కించి, పేపర్ రిలీజ్ మీట వదులు చేసి, అక్షరాల అడుగు భాగం క్యారియర్ దగ్గరి గైడు గీతకు సమానంగా వచ్చేలా జరపండి. సన్నని అక్షరాన్ని, చిన్న ఐ లేదా ఎల్‌ను, గైడు మీది నిలువు గుర్తుకు ఎదురుగా తెచ్చి మీట బిగించండి. వరుస మొదట్లోనూ చివర్లోనూ రెండు చోట్ల సరి చూస్తేనే కాగితం వాలుగా లేదని తెలుస్తుంది.

ఆ తరువాత నేరుగా కొట్టకండి. ఆ చోటు మీద సన్నని ట్రేసింగ్ కాగితం ముక్క పెట్టి, కింద ఉన్న అక్షరాన్నే దాని మీద కొట్టి చూడండి. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ముక్క తీసి చెరపండి, లేకపోతే మళ్లీ సర్దండి. నాకు ఒక్కో కాగితానికి రెండు మూడు ప్రయత్నాలు పట్టిన రోజులున్నాయి. అయినా ఆ రెండు నిమిషాలూ వృథా కాదు.

11. దస్తావేజుల విషయంలో ప్రత్యేక జాగ్రత్త

జాడ తెలియకుండా అక్షరం మార్చగలగడం ఉత్తరాలకు సౌకర్యం, దస్తావేజులకు ప్రమాదం. కరెక్టబుల్ ఫిల్ముతో కొట్టిన అంకెను మీరు ఎంత తేలికగా లేపారో, కాగితం చేతికి చిక్కిన మరొకరూ అంతే తేలికగా లేపగలరు. అమ్మకం కాగితం, అగ్రిమెంటు, ప్రామిసరీ నోటు వంటివాటికి ఇంకు కాగితంలోకి దిగే గుడ్డ రిబ్బన్ వాడాలని నా గట్టి అభిప్రాయం.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, కొట్టివేతలు, చెరిపివేతలు, మార్పులు, వరుసల మధ్య చేర్పులు, ఖాళీలు ఉన్న దస్తావేజును రాసి ఇచ్చినవారు ఆ చోట సంతకంతోనో పొడి అక్షరాలతోనో ధ్రువీకరించకపోతే రిజిస్టర్ చేయడానికి అధికారి నిరాకరించవచ్చు. కాబట్టి స్టాంపు కాగితం మీద పేరు, మొత్తం, హద్దు వంటివి తప్పుగా పడితే టేపుతో నిశ్శబ్దంగా సరిచేసి ఊరుకోకండి. కక్షిదారుకు చూపించి, పక్కన పొడి సంతకం చేయించండి. అన్నిటికంటే మంచిది, ముందు మామూలు కాగితం మీద మొత్తం కొట్టి, వారితో చదివించి, ఆ తరువాతే స్టాంపు కాగితం ఎక్కించడం.

12. దిద్దుబాటు సరిగా రాకపోతే

అక్షరం బూడిద రంగు నీడలా మిగిలింది: రిబ్బన్ కరెక్టబుల్ కాదు, లేదా టేప్ అయిపోయింది. టేప్ మీద అక్షరం అతుక్కుందో లేదో చూస్తే ఏదో తెలుస్తుంది.

అక్షరంలో పైభాగమో కింది భాగమో మాత్రమే పోయింది: కాగితం నిలువుగా కదిలింది. రోలరు ముట్టుకున్నారేమో గుర్తు చేసుకోండి. పేపర్ బెయిల్ అనే కడ్డీ కాగితాన్ని రోలరుకు నొక్కి పట్టి ఉందో లేదో చూడండి.

పక్కగా సగం పోయింది: పిచ్ మారింది, లేదా హాఫ్ స్పేస్ మిగిలిపోయింది.

ఒకే తప్పు మీద రెండోసారి కొట్టాక కూడా చుక్కలు మిగిలాయి: కాగితం గరుకుగా ఉంది. మూడోసారి కొడితే పీచు లేచి, దాని మీద పడే కొత్త అక్షరం మసకబారుతుంది. ఆగిపోండి.

చెరిపినప్పుడు నల్లగా ఇంకో అక్షరం పడింది: టేప్ తెగింది లేదా గైడు నుంచి జారింది. స్విచ్ ఆపి, మూత తీసి, మళ్లీ గైడులో కూర్చోబెట్టండి.

చెరిపిన చోట కాగితం చిరుగుతోంది: ఇంప్రెషన్ ఎక్కువగా ఉంది, లేదా కాగితం మరీ పల్చన.

13. అయిపోయిన రిబ్బన్

ఒక్కసారే వాడే ఫిల్మ్ రిబ్బనును క్యాసెట్ నుంచి లాగి వెలుతురుకు పట్టండి. మీరు కొట్టిన ప్రతి అక్షరమూ, కొట్టిన వరుసలోనే, ఖాళీ ఆకారాలుగా కనిపిస్తుంది. పేర్లు, మొత్తాలు, ఖాతా నంబర్లు అన్నీ అందులో చదువుకోవచ్చు. చెత్తబుట్టలో అలాగే పడేయకండి. క్యాసెట్ విప్పి, రిబ్బనును పలుచోట్ల కత్తిరించి, ముక్కలను కలిపేసి పారేయండి. కరెక్షన్ టేపును కూడా అలాగే చేయండి, దాని మీద ఉన్నవి మీరు చెరిపిన అక్షరాలు.